ఊరేగింపు సరే, గదిలోకి పిలిచేదెప్పుడు?

సంపాదకుల వారికి,

నమస్కారం. కిందటి నెల ఒక ఆదివారం సాయంత్రం విజయనగరంలో, మా వీధిలోనే ఒకరి ఇంటి హాలులో చిన్న కచేరీ జరిగింది. వీణ, వయొలిన్, మృదంగం, జముకు, పాడడానికి సీతంపేట కొండల వైపు నుంచి వచ్చిన ఒక సవర గిరిజన అమ్మాయి. మొత్తం ఐదుగురు. విన్నవాళ్లం పిల్లలతో కలిపి ముప్పై మందికి మించం. మైకు లేదు, వేదిక లేదు. అందరం చాపల మీదే కూర్చున్నాం.

జముకు వాయించిన పెద్దాయనకు డెబ్బై ఏళ్లు ఉండవచ్చు. ఒక పక్క చర్మం బిగించిన గుల్లను చంకలో ఇరికించుకొని, అందులోంచి వచ్చే తీగను ఒక చేత్తో లాగి పట్టి, రెండో చేత్తో మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. వీణకు ఉన్నట్టు దానికి మెట్లు లేవు. శ్రుతి అంతా ఆ చేతి బిగువులోనే ఉంది. వీణ అమ్మాయి ఆధార స్వరమైన షడ్జం ఇచ్చింది. ఆయన తీగ లాగారు, విన్నారు, రవ్వంత వదిలారు, మళ్లీ విన్నారు. కళ్లు మూసుకొని తల పక్కకు వంచి ఇంకోసారి మీటారు. రెండు నాదాలూ కలిసిపోయాయి. నా పక్కన కూర్చున్న చిన్నపిల్ల ఎవరూ చెప్పకుండానే తన చేతి గాజులు గలగలమనకుండా ఒడిసి పట్టుకుంది.

జముకు వాయిస్తూ పాడి చెప్పే జముకుల కథలు నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఎల్లమ్మ కథ తెల్లవార్లూ సాగుతుంటే అమ్మ ఒడిలో నిద్రపోయిన రోజులు ఉన్నాయి. కానీ ఆ తీగ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎలా జారుతుందో నాకు వినబడింది మాత్రం ఈ అరవై మూడో ఏట, ఆ హాలులో. అది నన్ను సంతోషపెట్టినంతగా బాధపెట్టింది కూడా.

బాధ ఎందుకో చెబుతాను. రెండేళ్ల కిందట ఈ ప్రాంతంలోనే ఒక వేడుకకు వెళ్లాను. పగలు ఊరేగింపు. తప్పెటగుళ్ల వాళ్లు రేకు తప్పెటలు రొమ్ముకు కట్టుకొని, కాళ్లకు గజ్జెలతో మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఆడుతూ నడిచారు. సాయంత్రం వేదిక మీద శాస్త్రీయ సంగీతం, కుర్చీలు, పూలు, శాలువాలు. నడుమ జముకుల కథకు పది నిమిషాలు ఇచ్చారు. మైకు గొంతుకే పెట్టారు, జముకు మీటుతున్నట్టు కనబడుతోంది గానీ వినబడడం లేదు. ఆరో నిమిషంలో ముఖ్య అతిథి కారు దిగారు. కథకుడు చరణం మధ్యలో ఆగిపోయారు. ఎవరూ ఆయనను కసరలేదు, అవమానించాలని అనుకోనూ లేదు. ఆ పాటను మధ్యలో ఆపవచ్చని అక్కడ అందరికీ తెలుసు, అంతే. త్యాగరాజ కీర్తనను అనుపల్లవిలో ఆపమని ఆ నిర్వాహకులు అనగలరా?

విజయనగరంలో ఇలా జరగడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. 1919లో విజయరామ గజపతిరాజు గారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టడానికి కారణం చాగంటి గంగబాబు అనే చూపులేని కుర్రవాడని మా పెద్దలు చెప్పేవారు. ఒక్క పిల్లవాడికి సంగీతం కావలసివచ్చి ఊరికంతటికీ కళాశాల వచ్చింది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయింపు విని, ఆయనను ఆచార్యుడిగానే నియమించారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. పట్టా ఏదని అడగలేదు, చెవితో విని నిర్ణయించారు. ఆయన చేతిలోని వయొలిన్ మాత్రం మన వాయిద్యమా? సముద్రం దాటి వచ్చింది. దానిని మన వాళ్లు అంతకు ముందే నేల మీద కూర్చోబెట్టి మన గమకాలు పలికించారు. పక్కవాద్యంగా ఉన్నదాన్ని తనంతట తాను కచేరీ నడిపే స్థాయికి తెచ్చారు నాయుడు గారు. యూరపు వాయిద్యానికి అంత చోటు ఇచ్చిన ఊరు మన జిల్లాలోని గజపతినగరం జముకుకు ఇవ్వలేదా?

మా వీధిలో జరిగినటువంటి కచేరీని పాశ్చాత్యులు ఛాంబర్ సంగీతం అంటారు. ఛాంబర్ అంటే గది. నలుగురైదుగురు వాద్యకారులు, ఒక్కొక్కరిదీ ఒక్కో భాగం, ముందు నిలబడి చేతులతో నడిపించే కండక్టర్ ఉండడు. ఒకరి ఊపిరి ఇంకొకరు గమనించుకుంటూ వాయించాలి. ఈ పద్ధతినే పట్టుకొని 1997లో న్యూయార్కులో ఇమాని విండ్స్ అనే ఐదుగురి బృందం మొదలైంది. నల్లజాతి వారి, లాటిన్ అమెరికా వారి సంగీతాన్ని కచేరీ గదుల్లోకి తేవడం, బడులకు వెళ్లి పిల్లలకు వినిపించడం వాళ్లు పెట్టుకున్న పని. ఇమాని అంటే స్వాహిలీలో నమ్మకం. అదే దేశంలో ఫ్లారెన్స్ ప్రైస్ అనే నల్లజాతి స్త్రీ రాసిన సింఫనీని, అంటే పెద్ద వాద్యబృందం కోసం కూర్చిన సంగీతాన్ని, 1933లో షికాగో ఆర్కెస్ట్రా వాయించింది. తర్వాత ఆమెను దాదాపుగా మరచిపోయారు. 2009లో ఒక పాడుబడిన ఇంట్లో ఆమె రాతప్రతులు కట్టలు కట్టలుగా బయటపడ్డాయి. ఇప్పుడు వాటిని వాయిస్తున్నారు.

మన జముకుల కథ చాలామటుకు కాగితం మీద లేదు. ఆ పెద్దాయన పోతే వెతుక్కోవడానికి పాడుబడిన ఇల్లు కూడా ఉండదు.

మా వీధి కచేరీలో మొదట తరిగొండ వెంగమాంబ కీర్తన ఒకటి వాయించారు. రెండు వందల ఏళ్ల కిందటి ఆ కవయిత్రి పాట మన సభల్లో ఎంత అరుదుగా వినిపిస్తుందో సంగీతం నేర్చుకున్న వారికి తెలుసు. (తిరువయ్యారులో త్యాగరాజస్వామికి సమాధి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు కూడా, ఆ ఆరాధనలో ఆడవాళ్లు పాడడానికి ఏళ్ల తరబడి పోరాడవలసివచ్చింది.) చివరగా సవర పాట. అమ్మాయి ముందు అర్థం తెలుగులో చెప్పి, తర్వాత పాడింది. వయొలిన్ ఆమె వెనకాలే నడిచింది, ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకోవడానికి ఆ కొండల్లో తిరిగి, జ్వరాల పాలై, క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారని చదివాను. ఆయన శ్రీకాకుళం వారని గొప్పగా చెప్పుకుంటాం. ఆయన అంత కష్టపడి విన్న భాషలో ఒక్క పాట మనలో ఎంతమందికి వచ్చు?

నా విన్నపం ఇది. సంగీత కళాశాల వారు, పట్టణంలోని సభల వారు, సాంస్కృతిక శాఖ వారు నెలకు ఒక్క సాయంత్రం ఇలాంటి గది కచేరీకి కేటాయించాలి. వందమంది పట్టే హాలు చాలు, ఇంకా చిన్నదైతే మరీ మంచిది. జముకు, వీణ పక్కపక్కన కూర్చున్నప్పుడు పారితోషికం ఇద్దరికీ ఒకటే ఉండాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దని చేతులెత్తి మొక్కుతున్నాను. కవరులో తేడా పెట్టి వేదిక మీద సమానం అంటే ఆ కళాకారులకు అర్థం కాదనుకోకండి. కళాశాలలో జముకు నేర్పడానికి వారానికి ఒక పూట ఆ పెద్దలను గురువులుగా పిలవండి, పట్టా అడగకండి. ఊరేగింపులు మానమని నేను అనడం లేదు. తప్పెటగుళ్లకు ఆరుబయటే అందం. ఎండ తగ్గాక పెట్టి, దారిలో మంచినీళ్లు ఇవ్వండి.

బడుల సంగతి కూడా ఉంది. ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పిన అనుభవంతో అంటున్నాను, కళాకారులను వార్షికోత్సవం నాడు పిలిస్తే పిల్లలకు అందేది ఏమీ ఉండదు. మామూలు రోజున ఒక తరగతి గదికి తీసుకురావాలి. ఆ ఐదుగురూ మా ఊరి కచేరీ మరునాడు ఒక ప్రభుత్వ పాఠశాలకు వెళితే నేనూ వెంట వెళ్లాను. ఏడో తరగతి. కథ మొదలుపెట్టగానే వెనక బెంచీలో ఒక అబ్బాయి వంత అందుకున్నాడు. అందరూ తిరిగి చూశారు. వాడి తాతగారు జముకుల కథ చెప్పేవారట. ఆ సంగతి వాడు ఇన్నేళ్లలో బడిలో ఎవరికీ చెప్పలేదు. పెద్దాయన వాడిని ముందుకు పిలిచి జముకు చేతికిచ్చారు. తీగ లాగడం వాడికి వచ్చు.

ఆ బృందం శ్రావణంలో మళ్లీ వస్తామంది. ఈసారి మా ఇంటి హాలు ఇస్తానని మాట ఇచ్చాను. నలభై మంది కూర్చోవచ్చు, చాపలు ఉన్నాయి. సభల వారెవరైనా అప్పటికి ఇంతకంటే మంచి చోటు చూపిస్తే ఆ చాపలు నేనే మోసుకొచ్చి పరుస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
విజయనగరం