నాయనకు సీతాఫలం గుజ్జు అందించిన మీకందరికీ కృతజ్ఞతలు

పక్షవాతం వచ్చిన తరువాత మా నాయనకు మింగడం కష్టమైందని మన వీధిలో అందరికీ తెలుసు. ఆయనకు ఈ కాలమంతా పెరటి సీతాఫలాలను గింజ లేకుండా, పలుకు తగలకుండా గుజ్జు చేసి పెట్టగలిగామంటే అది మా ఇంటివాళ్ల చేతులతో మాత్రమే అయిన పని కాదు. పేర్లు రాయవద్దని కొందరు కోరారు కనుక వరుసలు పెట్టి రాస్తున్నాను. ఎవరిని గురించి రాశానో పాలమూరులో తెలియనివారు ఉండరు.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో, ఉడికించి వడకట్టిన ఆపిల్ గుజ్జు పెట్టవచ్చని ఉంది. పెట్టాము, నాయన కాదనకుండా తిన్నారు కూడా. కానీ తాను నాటిన చెట్టు ఇంటి వెనుక కాయలతో వంగి ఉన్నప్పుడు, ఎక్కడి నుంచో లారీలో వచ్చిన ఆపిల్ పాలమూరు మనిషికి ఎన్నాళ్లు రుచిస్తుంది? ఆయన కిటికీలోంచి చెట్టువైపే చేయి చూపించేవారు. సీతాఫలంలో గింజలు ఎన్ని ఉంటాయో తెలిసిన ఏ వైద్యులైనా వద్దనే అంటారని మేము అనుకున్నాము. మింగే శక్తిని పరీక్షించిన స్పీచ్ థెరపిస్టు మేడం మాత్రం అలా ఒక్క మాటతో తేల్చివేయలేదు. మింగడం కష్టమైనవారి ఆహారాన్ని 0 నుంచి 7 వరకు స్థాయిలుగా విభజిస్తారనీ, నాయనకు సరిపడేది 4వ స్థాయి, అంటే మెత్తని ముద్ద అనీ చెప్పి, దానిని ఇంట్లోనే ఎలా పరీక్షించాలో చూపించారు. చెంచాతో తీసినప్పుడు గుజ్జు జారకుండా నిలవాలి, చెంచా వంచినప్పుడు అంటుకుపోకుండా మొత్తంగా కిందికి పడాలి, పక్కన నీరు విడిపోకూడదు. నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలనీ, తిన్న తరువాత అరగంట వరకు పడుకోబెట్టవద్దనీ ఆమె చెప్పిన మాటను ఒక్క పూట కూడా తప్పలేదు. మేడం, మీకు మొదటి నమస్కారం.

ఆపిల్ లాగానే దీనినీ ఉడికించి వడకడదామని పొయ్యి వెలిగించబోతుండగా ఆపినవారు మా ఎదురింటి సార్. ఉద్యానశాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఆయనకు, బాలానగర్ పేరుతోనే దేశమంతా తెలిసిన మన రకం అంటే ఎంత ప్రేమో చెప్పనక్కరలేదు. వేడి తగిలితే సీతాఫలం గుజ్జు చేదెక్కుతుందనీ, అందువల్ల ఈ పండుకు నిప్పు పనికిరాదనీ ఆయన చెప్పకపోతే మొదటి గంపెడు పండ్లు వృథా అయ్యేవి. కాయ కళ్లు విచ్చుకుని, ఆ సందులు తెల్లబడిన తరువాతనే కోయాలనీ, పచ్చిగా ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో పెడితే పండకుండా తొక్క నల్లబడుతుందనీ, గాలి తగిలి గుజ్జు రంగు మారకుండా కొద్దిగా నిమ్మరసం కలపాలనీ కూడా ఆయనే నేర్పారు.

ఇక అసలు పని పెద్దమ్మది. గింజలతో సహా మిక్సీలో వేస్తే త్వరగా అయిపోతుందని ఎవరో సలహా ఇచ్చినప్పుడు ఆమె ఎంత కోప్పడిందో చెప్పలేను. ఆ కోపం న్యాయమే, ఎందుకంటే నలిగిన గింజ విషం. మన పెద్దవాళ్లు పేలు చావడానికి నూరి తలకు రాసింది, కంట్లో పడితే ప్రమాదమని భయపడింది ఆ గింజనే. పెద్దమ్మ పండును రెండుగా విప్పి, తొక్కకు ఆనుకుని ఇసుకలా తగిలే పొరను వదిలేసి, పైపైన తొనలను మాత్రమే చెంచాతో తీసేది. వాటిని స్టీలు జల్లెడలో పోసి చెక్క గరిటెతో, గింజ చిట్లనంత మెల్లగా, గుండ్రంగా రుద్దేది. గంపెడు పండ్లకు దిగే గుజ్జు చిన్న గిన్నెడే. మోకాళ్ల నొప్పులున్న మనిషి పీట మీద కూర్చుని ఆ పని చేస్తుంటే నేను జల్లెడ అందుకోబోయాను. “నువ్వు నీ నాయనను చూసుకో బిడ్డా” అని పంపించివేసింది. రెండోసారి సన్నని జల్లెడలో వడకట్టే పని మాత్రం నాకు వదిలింది.

పెరటి చెట్టు కాయలు ఒక్కసారిగా పండి, ఆ తరువాత చెట్టు ఖాళీ అయినప్పుడు, బాలానగర్ దగ్గర హైవే పక్కన గంపలు పెట్టుకునే అక్క మా కోసం బాగా కండ ఉన్న కాయలను ఏరి పక్కన పెట్టింది, అదనంగా ఒక్క రూపాయి తీసుకోలేదు. సీతాఫలం సహజంగానే తీపి, నాయనకు చక్కెర వ్యాధి కూడా ఉంది. అందుకని ఒక్కొక్క పూటకు ఎంత పెట్టవచ్చో డాక్టరుగారిని అడిగి, అంతే పట్టే చిన్న డబ్బాలలో నింపాము. వాటిని దాచడానికి ఐస్‌క్రీం దుకాణం తమ్ముడు తన డీప్ ఫ్రీజరులో ఒక మూలను ఇచ్చాడు. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో ఉన్నందువల్లనే దీపావళి దాటి, బజారులో పండు కనిపించని రోజులలో కూడా నాయన గిన్నెలోకి గుజ్జు వచ్చింది. కరిగించిన ప్రతిసారీ చెంచా పరీక్ష మళ్లీ చేసే పెట్టాము.

ఆ ఫ్రీజరులో ఇంకా కొన్ని డబ్బాలు మిగిలి ఉన్నాయి. మీ ఇంట్లో ఇలా మింగడానికి ఇబ్బంది పడేవారు ఉంటే, ముందుగా వారి డాక్టరును, థెరపిస్టును అడిగి, దుకాణంలో నా పేరు చెప్పి తీసుకువెళ్లండి. పెద్దమ్మ జల్లెడ కూడా మా ఇంట్లోనే ఉంది, కావలసినవారు సంకోచించకుండా అడగండి.