గుల్మార్గ్ నుంచి, కాళ్లు విరగకుండా

నల్లగొండ బ్యాచ్‌కి నమస్తే. నిన్న సిగ్నల్ లేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నా. నలుగురం క్షేమం.

కశ్మీర్‌లోని ఈ గుల్మార్గ్ ఊరే దాదాపు 2,650 మీటర్ల ఎత్తు. లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కడానికే ఆయాసపడే బ్యాచ్ మనది! స్కీయింగ్ అంటే జారడం అనుకున్నాం గానీ, మొదటి గంటంతా ఆగడమే నేర్పారు. స్కీల (బూట్లకు బిగించే పొడవాటి పలకల) ముందు కొసలు దగ్గరికి తెచ్చి, మడమలు బయటికి తోయాలి. అప్పుడు లోపలి అంచులు మంచును గీరుకుంటూ వేగం తగ్గుతుంది. నేను కొసల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించి బోర్లా పడ్డా. గ్లౌజులో దూరిన మంచు కరిగి, సాయంత్రం దాకా వేళ్లకు తిమ్మిరే.

మధ్యాహ్నం గండోలాలో (తీగల మీద నడిచే కేబుల్ కారు) అఫర్వత్ కొండ మీది రెండో దశ దాకా వెళ్లాం, 3,900 మీటర్ల పైనే. అక్కడి నుంచి స్కీల మీద దిగేవాళ్లను చూస్తేనే కళ్లు తిరిగాయి. మేం బుద్ధిగా అదే డబ్బాలో కిందికొచ్చాం.

వచ్చే ఏడాది ఎవరైనా వస్తే గండోలా టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. అద్దె బూట్లు తొడిగి నాలుగడుగులు వేసి చూడండి. నాకిచ్చిన జతలో ఒక క్లిప్ పట్టలేదు, అడిగితే అద్దెకిచ్చినవాడు "చల్తా హై" అన్నాడు!

ఫొటోలు రాత్రికి పెడతా. నేను పడ్డ వీడియో మాత్రం ఎవరూ స్టేటస్ పెట్టకండి రా, మా నాన్న చూస్తాడు.