12 లీడ్లకు అందని గోడలు

సంపాదకులకు నమస్కారం.

గుండెపోటు గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం ‘ఈసీజీ తీస్తే తెలిసిపోతుంది’ అన్న ఒక్క వాక్యంతో ఆ పరీక్ష సంగతి ముగించింది. చాలాకాలం ఈసీజీ గదిలో టెక్నీషియన్‌గా పనిచేసినవాడిగా, ఆ వాక్యం సగమే నిజమని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రోగి ఒంటికి అంటించేవి 10 ఎలక్ట్రోడ్లే అయినా కాగితం మీద 12 లీడ్లు, అంటే 12 వేర్వేరు గీతలు, వస్తాయి; ఒక్కొక్కటీ గుండెను ఒక్కో దిక్కు నుంచి చూస్తుంది. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే, అది పోషించే గుండె గోడకు ఎదురుగా ఉన్న లీడ్లలో గీతలోని ఎస్టీ అనే భాగం పైకి లేస్తుంది. 2, 3, ఏవీఎఫ్ అనే పేర్లున్న లీడ్లలో లేస్తే కింది గోడ, వీ1 నుంచి వీ4 దాకా లేస్తే ముందు గోడ, 1, ఏవీఎల్, వీ5, వీ6 లీడ్లలో లేస్తే పక్క గోడ అని చదువుతారు. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఇబ్బందల్లా ఈ 12 లీడ్లూ నేరుగా చూడని చోట్లతోనే.

కింది గోడకు పోటు వచ్చినవారిలో కొందరికి కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) కూడా దెబ్బతింటుంది. 2వ లీడ్‌లో కంటే 3వ లీడ్‌లో ఎస్టీ ఎక్కువగా లేచి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. అప్పుడు వీ4 ఎలక్ట్రోడ్‌ను ఛాతీకి కుడివైపు అదే స్థానంలో, అంటే అయిదో పక్కటెముకల సందులో, అంటించి మరో కాగితం తీయాలి. యంత్రం దాని మీద కూడా వీ4 అనే అచ్చు వేస్తుంది కాబట్టి, కుడివైపు తీసినదని పెన్నుతో రాయకపోతే తర్వాత చూసే డాక్టరు పొరబడతారు. ఇది చాదస్తం కాదు. కుడి జఠరిక దెబ్బతిన్న మనిషి రక్తపోటు గుండెకు తిరిగివచ్చే రక్తం మీదే నిలబడి ఉంటుంది. నొప్పికని నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్ మాత్ర ఆ రాకను తగ్గించడంతో రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు.

వెనక గోడది ఇంకో చిక్కు. ఎస్టీ కిందికి దిగితే ఫలానా గోడ అని మామూలుగా చెప్పలేం. కానీ వీ1 నుంచి వీ3 దాకా ఎస్టీ దిగి, ఆర్ తరంగం, అంటే గీతలో పైకి లేచే మొన, పొడవుగా కనిపిస్తే, అది వెనక గోడ పోటుకు అద్దంలో ప్రతిబింబం కావచ్చు. ‘గుండెకు రక్తసరఫరా కొంచెం తగ్గింది, చూద్దాం’ అని అలాంటి రోగిని పక్కన కూర్చోబెట్టడం నేను చూశాను. ఎడమ భుజపుటెముక కింద వీ7, వీ8, వీ9 స్థానాల్లో తీస్తే అక్కడ ఎస్టీ అర మిల్లీమీటరు లేచినా లెక్కలోకి వస్తుంది. వీపు వైపు సంకేతం చిన్నదిగా ఉంటుంది కనుక అంతకంటే ఎక్కువ కోసం ఎదురుచూడకూడదు.

ఇవన్నీ ఉన్న యంత్రంతోనే, రెండు మూడు నిమిషాల్లో అయ్యే పనులు. అయితే వీ1, వీ2 ఎలక్ట్రోడ్లను నాలుగో సందులో కాక పైన అంటించే అలవాటు ఉన్నచోట ఏ లీడ్ మాటా నమ్మలేం. ఆ తప్పు మా టెక్నీషియన్లదే.

మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాల్లో మళ్లీ తీయాలన్న సంగతి కూడా మీ వ్యాసంలో లేదు. ఈసారి ఈ అంశం మీద రాయించేటప్పుడు దాన్ని, కుడివైపు, వీపువైపు లీడ్ల సంగతినీ చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఈసీజీ టెక్నీషియన్