కాంటర్బరీ వారు ఆదేశించరమ్మా

బుజ్జీ,

నీ అనువాదం చదివాను. "ప్రపంచ ఆంగ్లికన్ల అధిపతి అయిన కాంటర్బరీ ఆర్చిబిషప్ ఆదేశించారు" అని రాశావు. ముందు ఆ "ఆదేశించారు" కొట్టెయ్. పోప్‌కు చెల్లే మాట ఆ కుర్చీకి చెల్లదు. ఇంగ్లండు సంఘంతో అనుబంధమున్న సంఘాల ప్రపంచ కూటమి అయిన ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో 42 ప్రావిన్సులున్నాయి, అంటే సొంత పాలనున్న సంఘాలు. దేని సినడ్ (పాలక సభ) దానిది, దేని నియమావళి దానిది. కాంటర్బరీ వారు సమానుల్లో ప్రథములు, అంతే. "కోరారు", "విజ్ఞప్తి చేశారు" అని రాస్తే సరిపోతుంది.

మరి చేతిలో ఏముందంటావా? పిలుపు ఉంది. 1867లో మొదలైన లాంబెత్ సదస్సుకు బిషప్పుల్లో ఎవరిని పిలవాలో తేల్చేది ఆ కుర్చీలో ఉన్నవారే. 2008లో రోవన్ విలియమ్స్ అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ బిషప్ జీన్ రాబిన్సన్‌ను పిలవలేదు. అలాగని ఆయన పదవి తీసెయ్యనూ లేరు, అది అమెరికా సంఘం సొంత వ్యవహారం. పెళ్లికి పిలవడం మానుకోవచ్చు గానీ చుట్టరికం రద్దు చేయలేం కదా! సదస్సు తీర్మానాలు కూడా అంతే, ఒక ప్రావిన్సు సినడ్ ఒప్పుకుంటే తప్ప అక్కడ చెల్లవు.

ఇంగ్లండులో మాత్రం ఆ పదవికి బరువుంది. కాంటర్బరీ డయాసిస్‌కు, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికి, బిషప్ (రోజువారీ పని చాలావరకు డోవర్ బిషప్ చూస్తారు), ఇంగ్లండు సంఘంలోని రెండు ప్రావిన్సుల్లో దక్షిణపు దానికి మెట్రోపాలిటన్ (ప్రావిన్సు పెద్ద బిషప్), ఆపైన "ఆల్ ఇంగ్లండ్ ప్రైమేట్" (ప్రైమేట్ అంటే ప్రధాన బిషప్). ఉత్తర ప్రావిన్సు చూసే యార్క్ ఆర్చిబిషప్ "ఇంగ్లండ్ ప్రైమేట్". ఆ "ఆల్" వదిలేశావో, ఇద్దరూ ఒకటైపోతారు. ఇక ప్రైమేట్ అన్నచోట నీ కంప్యూటర్ "వానర జాతి" అని పెట్టింది, అది అచ్చులోకి వెళ్లకముందే చూసుకో తల్లీ.

"ట్రాన్స్‌లేషన్" దగ్గరా జారావు. అక్కడ దాని అర్థం అనువాదం కాదు, బిషప్ ఒక డయాసిస్ నుంచి మరోదానికి మారడం. 2025 అక్టోబరు 3న కాంటర్బరీకి సారా ముల్లల్లీ పేరు ప్రకటించేనాటికి ఆవిడ లండన్ బిషప్. ముగ్గురు బిషప్పులకు తక్కువ కాకుండా తలమీద చేతులుంచే అభిషేకం ఒక్కసారే జరుగుతుంది, కాబట్టి ఆవిడకు మళ్లీ అక్కర్లేదు. 17 మంది ఓటున్న సభ్యుల కమిషన్ మూడింట రెండొంతుల మెజారిటీతో పేరు ఎంచుతుంది. అది ప్రధాని చేతుల మీదుగా రాజుకు వెళ్తుంది. ఆ తరవాత కాంటర్బరీ కెథీడ్రల్ కేనన్లు (కెథీడ్రల్ మండలి సభ్యులు) లాంఛనంగా ఎన్నుకుంటారు. చివర్న న్యాయవాదులు కాగితాలు చదువుతారు, రాజు నియమించిన బిషప్పుల బృందం ఆ ఎన్నికను ధ్రువీకరిస్తుంది. పదవి చట్టప్రకారం చేతికొచ్చేది ఆ ఘడియలోనే. కెమెరాలన్నీ మోహరించే సింహాసన వేడుక ఆ తరవాతెప్పుడో! పత్రికలు ఎప్పుడూ ఆ రోజునే "బాధ్యతలు చేపట్టారు" అని రాసి తప్పులో కాలేస్తాయి.

సంతకం కూడా చూడు. ముందు చిన్న సిలువ గుర్తు, పేరు, ఆ పక్కన "కాంటువార్". అది ఇంటిపేరు కాదు, కాంటర్బరీకి లాటిన్ పొట్టి రూపం. యార్క్ వారిది "ఎబోర్", డరమ్ వారిది "డునెల్మ్".

మన దగ్గరి సంగతి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆర్చిబిషప్ అనే పదవే లేదు. సినడ్ ఎన్నుకునే మోడరేటర్ ఉంటారు, తన డయాసిస్‌కు బిషప్‌గా ఉంటూనే ఆ పని చేస్తారు. ప్రావిన్సుల అధిపతులు కలిసే ప్రైమేట్ల సమావేశంలో మన తరఫున కూర్చునేది ఆయనే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన డోర్నకల్ అజరయ్య గారిని ఆర్చిబిషప్ అన్నావు. ఆయన ఆంగ్లికన్ బిషప్పుల్లో మొదటి భారతీయుడు. మెట్రోపాలిటన్ అప్పట్లో కలకత్తా బిషప్పే.

ఇంకొకటి. బ్రిటన్ ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో బిషప్పుల స్థానాలు 24 కాదు, 26. కాంటర్బరీ, యార్క్, లండన్, డరమ్, వించెస్టర్ వారికి ఎప్పుడూ ఖాయం, మిగతా 21 చాలావరకు సీనియారిటీ మీద వస్తాయి. దిద్ది సాయంత్రంలోగా పంపితే ఇంకోసారి చూస్తాను.

నాన్న