స్క్రిప్టు పక్కన పెట్టి ఓ గంట కూర్చో

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. "అంతా ఆటోమేట్ చేసేశాం, ఇంకా చేత్తో టెస్టింగ్ ఎందుకు?" అని మీ మేనేజరు అంటున్నాడని రాశావు. ఆ మాట నాకు మనసులోంచి పోవడంలేదు.

2018 ఫిబ్రవరి గుర్తుందా? మన తెలుగు అక్షరం ఒకటి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లో యాప్ పడిపోయేది. జ, దాని కింద ఞ వత్తు, తర్వాత కంటికి కనబడని ఓ యూనికోడ్ గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరస ఎదురైతే అక్షరాలు గీసే కోడ్ చేతులెత్తేసేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్ కూడా కుప్పకూలేది. ఆ నెల 19న యాపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వదిలి సరిచేశారు. ఏ టెస్ట్ కేసులో ఈ వరస ముందే రాసి ఉంటుంది చెప్పు? స్క్రిప్టులో, అంటే దానంతటదే నడిచే టెస్టు కోడ్‌లో, మనం ఊహించిన తప్పులే ఉంటాయిరా. ఊహించనివి దొరకాలంటే మనిషి కూర్చుని కెలకాల్సిందే.

కెలకడమంటే ఇష్టమొచ్చినట్టు నొక్కడం కాదు. ఎక్స్‌ప్లోరేటరీ టెస్టింగ్ అని 1984లో పేరు పెట్టింది టెస్టింగ్ నిపుణుడు కెమ్ కేనర్. నేర్చుకోవడం, టెస్టు ఆలోచించడం, చేసి చూడటం, మూడూ ఒకేసారి నడుస్తాయి. 2000 ప్రాంతంలో టెస్టర్లైన బాక్ సోదరులు దీన్ని సెషన్లుగా మలిచారు. ఏం వెతకాలో ఒక్క వాక్యంలో చార్టర్ రాసుకోవాలి, గంటో గంటన్నరో కదలకుండా పనిచేయాలి, నోట్సు రాయాలి, చివర్లో టీమ్ లీడ్‌తో కూర్చుని మాట్లాడాలి. అడిగితే చూపించడానికి లెక్క ఉంటుంది. మీ మేనేజరుకి ముందు ఇదే చెప్పు.

మొన్న మా బిల్లుల యాప్‌లో స్క్రిప్టులన్నీ పాసయ్యాయి. నేను మాత్రం "డబ్బు కట్టేటప్పుడు మధ్యలో ఆటంకం వస్తే" అని చార్టర్ రాసుకుని కూర్చున్నా. ఓటీపీ కొట్టి సబ్మిట్ చేసిన క్షణంలో ఫోన్ మోగించి, ఎత్తి, మాట్లాడి తిరిగొచ్చా. 'చెల్లించు' బటన్ మళ్ళీ వెలుగుతోంది! నొక్కితే టెస్ట్ ఖాతాలోంచి రెండుసార్లు డబ్బు పోయింది. అక్కడితో ఆగలేదు. నెట్ ఆపి చూశా, బ్యాక్ నొక్కి చూశా. అక్షరాల సైజు పెంచితే ఆ బటన్ కీబోర్డు కిందికి జారిపోయింది. మా నాన్నలా పెద్ద అక్షరాలు పెట్టుకునేవాళ్ళు బిల్లే కట్టలేరన్నమాట. దొరికిన ప్రతి బగ్ దగ్గరా ఇంకో ప్రశ్న పుడుతుంది, దాని వెంట పోవడమే ఈ పని.

ఆటోమేషన్ వద్దనను. నిన్న పనిచేసింది ఇవాళా పనిచేస్తోందో లేదో చూడటానికి అది కావాల్సిందే. కానీ రిలీజ్ దగ్గరపడి టెన్షన్ పెరగ్గానే, ముందు ఈ సెషన్లనే కోసేస్తారు. అసలు అప్పుడే ఎక్కువ కావాలి.

వచ్చే స్ప్రింట్‌లో, అంటే మీ టీమ్ తర్వాతి పనివిడతలో, రోజుకో సెషన్ అడిగి తీసుకో. కొత్తగా మార్చిన చోటు నుంచే మొదలుపెట్టు. చార్టర్లు రాశాక నాకు పంపు, కలిసి చూద్దాం. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
రఘు