మన సంఘం 2024-25 వార్షిక నివేదిక, పర్లాకిమిడి (గజపతి జిల్లా, ఒడిశా)

సభ్యులందరికీ నమస్కారమండీ. ఈ ఏడాది జరిగినవన్నీ వరసగా రాస్తే చాంతాడంత అవుతుంది, ఎవరూ చదవరు. అందుకే పండగలవీ నాలుగు ముక్కల్లో తేల్చేసి మిగతా అంతా గవర్నమెంటు టీకాల రోజున మన వాలంటీర్లు చేసిన పని గురించే రాస్తున్నాను. దానికి డబ్బు పెద్దగా ఖర్చవలేదు గానీ మనుషులు బాగా కష్టపడ్డారు, పైగా మొన్న మీటింగులో ఒకరిద్దరు "గవర్నమెంటు పని మనకెందుకు" అని అడిగారు, వాళ్లకి జవాబు కూడా ఇందులోనే చెప్పేస్తే సరిపోతుంది.

ఉగాదికి పంచాంగ శ్రవణం, పచ్చడి, పిల్లల పాటలు మామూలుగానే అయ్యాయి. కార్తీక వనభోజనాలకి జనం బాగానే వచ్చారు, పులిహోర మాత్రం సగం మందికే అందింది, వచ్చేసారి పేర్లు ముందే ఇవ్వండి బాబూ. సంక్రాంతి ముగ్గుల పోటీలో జడ్జిమెంటు మీద వచ్చిన గొడవ గురించి నేనేమీ రాయను. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి చేశాం. ఆయన ఈ ఊళ్లోనే టీచరుగా పనిచేసి, ఇక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాసిన మనిషి కాబట్టి, పటానికి దండేసి ఫొటోలు దిగి వచ్చేయకుండా ఈసారి ఇద్దరు సవర కుర్రాళ్లని పిలిచి వాళ్ల భాషలోనే మాట్లాడించాం. వాళ్లలో ఒకడు తర్వాత టీకాల దగ్గర ఎంత పనికొచ్చాడో కింద చెప్తాను.

ఇక అసలు సంగతి. మన ఆడపిల్లల్లో సగం మంది అత్తవారిళ్లు ఆంధ్రా బోర్డరు అవతలే, పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి, పలాస. అటు పిల్లలు కొంతమంది ఇటు కోడళ్లుగా వచ్చారు. పురుడికి పుట్టింటికి వస్తారు, మొదటి టీకాలు ఇక్కడ వేయిస్తారు, మూడో నెల వచ్చేసరికి అత్తారింటికి వెళ్లిపోతారు, లేదా ఉల్టా. కార్డు ఒక రాష్ట్రంలో, బిడ్డ ఇంకో రాష్ట్రంలో. ఆంధ్రా కార్డు తెలుగులో ఉంటుంది, ఇక్కడి నర్సమ్మది బాలేశ్వర్ వైపు, ఆవిడకి తెలుగు అక్షరం రాదు. మన ముసలమ్మలకేమో ఒడియా మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు. దీనికి తోడు "అక్కడ వేసినవి ఇక్కడ లెక్కలోకి రావంట, మళ్లీ మొదట్నుంచి పొడుస్తారంట" అని ఒక పుకారు. అదేం లేదండీ, దేశమంతా ఒకటే షెడ్యూలు. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం పెంటావాలెంటు (ఐదు జబ్బులకి కలిపి ఒకే సూది), పోలియో చుక్కలు, రోటావైరస్ (విరేచనాల జబ్బు రాకుండా వేసేది). తొమ్మిది నెలలు నిండాక ఎమ్మార్, అంటే తట్టు, రుబెల్లాలకి వేసేది. ఒక డోసు అక్కడ పడితే రెండోది ఇక్కడ పడుతుంది, మధ్యలో ఆలస్యమైనా ఆగిన దగ్గర్నుంచే మొదలెడతారు, మొదటికి రారు. అంతెందుకు, 2016లో రోటావైరస్ టీకా దేశంలో మొట్టమొదట మొదలెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఒడిశా, పక్కన ఆంధ్రా రెండూ ఉన్నాయి.

కాబట్టి మన వాలంటీర్ల పని ఏంటంటే కార్డు చదివి పెట్టడం, టోకెన్లు ఇవ్వడం, టీకా అయ్యాక అరగంట సేపు తల్లుల్ని కూర్చోబెట్టడం. సూది జోలికి ఎవరూ వెళ్లరు, అది నర్సమ్మ పని.

ఆషాఢంలో ఆ వాన రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెల్లారుజామునే ముసురు పట్టింది, ఎనిమిదింటికి కుండపోత. తిత్లీ తుఫాను తర్వాత మన జిల్లాలో గట్టి వాన అంటే జనానికి ఇంకా దడే, 2018 అక్టోబర్ 11న అది పలాస దగ్గర తీరం దాటితే ఇక్కడ గజపతి కొండలు విరిగిపడి ఊళ్లే పోయాయి కదా, మహేంద్రతనయ నది ఎంత పొంగిందో కూడా అందరం చూశాం. అందుకని ఎవరూ గుమ్మం దాటలేదు. కరెంటు లేదు, స్కూలు వరండాలో సగం దాకా జల్లు కొడుతోంది. టీకాల పెట్టె తెచ్చే అబ్బాయి బండి స్టార్టవలేదని ఫోన్ చేస్తే మన ఆటో అన్నయ్య ఒకాయన నేను తెస్తానని ఆస్పత్రి స్టోరుకి వెళ్లాడు. తీరా వెళ్తే అక్కడాయన ఐస్ ప్యాకుల్ని ఫ్రీజర్లోంచి తీసి బల్ల మీద పరిచి కూర్చున్నాడట. ఇదేంటి బాబూ, ఐసు కరిగిపోతోంది పెట్టెలో పెట్టేయండి అని మనవాడు తొందరపెడితే, ఆయన ఒక ప్యాకు తీసి మనవాడి చెవి దగ్గర ఊపి చూపించాడు. లోపల నీళ్లు గలగలమంటేనే పెట్టెలో పెట్టాలట, గట్టి ఐసు ఆనుకుంటే పెంటావాలెంటు మందు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, ఉండాల్సింది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య. టీకా చల్లగా ఉంటే చాలనుకునేవాళ్లం అందరం. ఆ రోజు నుంచి ఆటో అన్నయ్య ఎవరు కనపడ్డా ఈ గలగల కథ చెప్తూనే ఉన్నాడు.

పదిన్నరకి ఒక మామ్మగారు మనవరాల్ని చీర కొంగులో చుట్టి, పైన యూరియా సంచి కప్పి తీసుకొచ్చారు. పిల్లకి తొమ్మిది నెలలు నిండాయి, ఎమ్మార్ పడాలి. ఇక్కడే చిక్కు. ఆ సీసా ఐదు డోసులది, పొడి మందు, నీటి మందు కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబోయాల్సిందే. పెంటావాలెంటు సీసా అయితే తెరిచాక కూడా సరిగ్గా దాచుకుని ఇరవై ఎనిమిది రోజుల దాకా వాడొచ్చు, ఎమ్మార్‌కి ఆ వీలు లేదు, అందులో క్రిములు పెరక్కుండా ఆపే మందు కలపరు. మనవాళ్లలో ఒకరు "ఒక్క పిల్ల కోసం సీసా కొడతారా, వచ్చే వారం రమ్మంటే సరి" అన్నారు. నర్సమ్మ ఊరుకోలేదు. ఒక్కరొచ్చినా తెరవాల్సిందే, వానలో వచ్చిన మనిషిని తిప్పి పంపితే మళ్లీ రాదు అంది, అని సీసా మీద టైము రాసేసింది, 10:40 అని. మామ్మగారు మాత్రం "ఓలమ్మా, మా గుంటకోసం అంత మందు పాడుసేస్తారేటి" అని తెగ బాధపడిపోయారు.

అప్పుడు ఆశా దీదీ తన డ్యూ లిస్టు, అంటే టీకా పడాల్సిన పిల్లల జాబితా, తీసింది. ఎమ్మార్ పడాల్సిన పిల్లల పేర్లు అందులో ఇంకా ఉన్నాయి. ఆటో అన్నయ్య, సవర కుర్రాడు, మన ట్రెజరర్ గారి అబ్బాయి ముగ్గురూ ఆటోకి రెండు పక్కలా టార్పాలిన్ కట్టి బయల్దేరారు. మొదటి ఇంట్లో పిల్లాడికి జ్వరం, వదిలేశారు. రెండో ఇంట్లో మామగారు ససేమిరా అన్నాడు, వానకి పిల్లని తీస్తే దగ్గొస్తుందని, బతిమాలితే కోడలే పిల్లనెత్తుకుని ఆటో ఎక్కేసింది. ఊరి చివర సవర కుటుంబాల దగ్గర మన తెలుగూ పారలేదు, ఆశా దీదీ ఒడియా కూడా అంతంత మాత్రమే. కుర్రాడు గుమ్మంలో గొంతుక్కూర్చుని ఏదో చాలాసేపు మాట్లాడాడు, ఏం చెప్పాడో మాకు తెలీదు, ఇద్దరు తల్లులు గొడుగేసుకుని వచ్చేశారు. ఒంటిగంటన్నరకి మొత్తం నలుగురు పిల్లలకి పడింది. ఐదోవాళ్ల కోసం ఇంకోసారి తిరిగారు గానీ దొరకలేదు, 2:40కి నర్సమ్మ ఆ మిగిలిన డోసు వాడకుండా పక్కన పెట్టేసింది. నాకైతే అదేం నష్టంగా అనిపించలేదు.

టీకాల లెక్క ఉంచే గవర్నమెంటు ఆన్‌లైన్ పోర్టల్ యూ-విన్‌లో ఎక్కించడం ఇంకో తంటా. నంబరు కొట్టి వెతకాలి, ఆ నంబరేమో భర్తది, ఆయన చెన్నైలో పనిలో ఉంటాడు, ఇక్కడ సిగ్నల్ లేదు. ఆ రోజుకి అన్నీ కాగితం మీద రాసుకుని సాయంత్రం నెట్ వచ్చాక నర్సమ్మ ఎక్కించుకుంది. అదంతా అయ్యేదాకా మామ్మగారు అక్కడే కూర్చుని అందరికీ టీ పోయించారు, డబ్బులు తీసుకోమంటే తిట్టారు.

కాబట్టి "మనకెందుకు" అన్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కార్డు తెలుగులో ఉండి నర్సమ్మ ఒడియాలో ఉన్నప్పుడు మధ్యలో నిలబడ్డానికి మనం కాకపోతే ఇంకెవరున్నారు? 1936లో ఒడిశా ఏర్పడ్డప్పట్నుంచీ మనం ఈ రెండింటి మధ్యే ఉన్నాం. స్టేజి లైట్లకి, సౌండుకి ఏటా పెట్టేదాంట్లో కొంచెం తగ్గిస్తే దీనికి సరిపోతుంది. వచ్చే ఏడాదికి కమిటీ ముందు పెడుతున్నవి పెద్దవేమీ కావు: ఒక మంచి టార్పాలిన్, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ఏ వయసుకి ఏ టీకానో తెలుగులోనూ ఒడియాలోనూ పక్కపక్కన వేసిన షీటు. సవరలో కూడా వేయాలని ఆ కుర్రాడు అడిగాడు, తప్పకుండా వేద్దాం, ఏ లిపిలో అన్నది వాళ్ల పెద్దల్నే అడుగుదాం. బోర్డరు అవతల బంధువులున్నవాళ్లందరూ కార్డు ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి, అసలు కార్డు బియ్యం డబ్బాలో పెట్టి మర్చిపోవద్దు.

జమాఖర్చులు ట్రెజరర్ గారు మీటింగులో చదువుతారు, కాపీ సంఘం గదిలో గోడకి అంటించి ఉంది. వాలంటీర్లుగా రావాలనుకునేవాళ్లు అక్కడే పుస్తకంలో పేరు రాసి వెళ్లండి, ఒడియా చదవడం రాయడం వచ్చిన కాలేజీ పిల్లలు మరీ కావాలి. చందా బకాయి ఉన్నవాళ్ల పేర్లు కూడా ఆ పుస్తకంలోనే వెనకపేజీలో ఉన్నాయి, ఒకసారి తిరగేసి చూసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి