జన్యువు ఉన్నంత మాత్రాన సరిపోదు

సంపాదకులకు,

‘ఫలానా జబ్బుకు కారణమైన జన్యువు దొరికింది’ అనే శీర్షికలు పత్రికల్లో తరచూ కనిపిస్తున్నాయి. అవి చదివి, ఆ జన్యువు ఒంట్లో ఉంటే జబ్బు రాసిపెట్టి ఉన్నట్టేనని భయపడేవాళ్లు చాలామంది. జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. ఈ తేడాను పత్రికలే విడమరచి చెప్పాలి. అందుకు ఈస్ట్‌ను మించిన ఉదాహరణ లేదు.

ఈ ఏకకణ జీవిలో దాదాపు 6,000 జన్యువులున్నాయి. కండెకు చుట్టిన దారంలా దాని డీఎన్‌ఏ హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ తిరిగి ఉంటుంది. ఈ చుట్టలే న్యూక్లియోసోములు, వాటి వరుసే క్రొమాటిన్. చుట్టలో ఇరుక్కున్న డీఎన్‌ఏను చదవడం కణానికి కష్టం. ఏ చుట్ట ఎప్పుడు సడలాలో తేల్చడంలో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లది పెద్ద పాత్ర.

ఫో5 జన్యువునే చూడండి. పరిసరాల నుంచి ఫాస్ఫేట్‌ను రాబట్టే ఎంజైమ్‌కు మూలం ఇదే. ఫాస్ఫేట్ పుష్కలంగా ఉన్నంతకాలం దీని ప్రమోటర్ (జన్యువును పనిలోకి దించే, దాని పక్కనే ఉండే డీఎన్‌ఏ భాగం) చాలావరకు న్యూక్లియోసోముల కిందే ఉంటుంది. కరవొచ్చిందంటే ఫో4 అనే ఫ్యాక్టర్ కేంద్రకంలో చేరి, రెండు చుట్టల మధ్య బయటికి కనిపిస్తున్న చిన్న చోటును పట్టుకుంటుంది. అది రప్పించిన ప్రోటీన్ యంత్రాలు చుట్టలను విప్పుతాయి. అంతవరకు దాగి ఉన్న రెండో చోటు బయటపడితే ఫో4 దాన్నీ పట్టుకుంటుంది. అప్పుడుగానీ జన్యువు జోరందుకోదు. ఇలా నాలుగు న్యూక్లియోసోములు తొలగిపోతాయని మ్యూనిక్‌లో వోల్‌ఫ్రామ్ హోర్జ్ బృందం 1986లోనే చూపింది. ఇంత జరిగినా జన్యువులో ఒక్క అక్షరం మారదు!

ఇది ఈస్ట్ గొడవ, మనకెందుకు అనుకోకూడదు. చుట్టలను కదిలించే స్విచ్-స్నిఫ్ అనే యంత్రం మొదట బయటపడింది ఈస్ట్‌లోనే. మనుషుల్లో అలాంటి యంత్రపు భాగాలను తయారుచేసే జన్యువుల్లో మార్పులు సుమారు 20 శాతం క్యాన్సర్లలో కనిపించాయి. ఈస్ట్ మీద పరిశోధనకు ప్రజాధనం దండగ అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

కొన్ని జబ్బులకు ఒకే జన్యువులోని లోపం కారణమన్నది నిజమే. చాలా జబ్బుల సంగతి అలా కాదు. అందుకే నా విన్నపం: జన్యువుల వార్త వేసేముందు విలేకరులు పరిశోధకులను మరో రెండు ప్రశ్నలడగాలి. ఆ జన్యువు ఏ కణాల్లో పనిచేస్తుంది? దాన్ని పనిలోకి దించేది, ఆపేది ఏమిటి? జవాబు తెలిస్తే వార్తలోనే రాయండి, ఇంకా తేలకపోతే ఆ మాటే శీర్షిక కిందే వేయండి.

– ఒక పాఠకుడు